చాగోస్ గొడవంతా 1965 నాటి ఆ ఒక్క మీటింగ్‌లోనే ఉంది

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. వాటిని మారిషస్‌కి అప్పగించి, అమెరికా స్థావరం ఉన్న డీగో గార్సియాని మాత్రం 99 ఏళ్లకు లీజుకు తీసుకుంటామని బ్రిటన్ 2025 మే 22న సంతకం పెట్టింది. అప్పటినుంచి లండన్‌లో ఒకటే రగడ. మన భూమి ఇచ్చేసి పైగా మనమే ఏడాదికి సగటున 10 కోట్ల పౌండ్లు కట్టాలా అని ప్రతిపక్షం అడుగుతోంది. ఈ చర్చలు 2022లో మొదలైంది వాళ్ల ప్రభుత్వంలోనే. సరే, అది పక్కన పెడదాం. అసలు అది వాళ్ల భూమి ఎలా అయింది?

మారిషస్ చరిత్రలో డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, చెరకు తోటలు, కోరంగి రేవులో ఓడెక్కి అక్కడ కోరంగీలుగా మిగిలిన మనవాళ్లు, ఉగాదికి సెలవు... ఇవన్నీ వదిలేసి, మారిషస్, దాంతో పాటే చాగోస్ కూడా ఇంకా బ్రిటన్ వలసగా ఉన్న 1965 సెప్టెంబర్ 23కి నేరుగా వస్తాను.

స్వాతంత్ర్యం గురించి చర్చలకని మారిషస్ నాయకులు లండన్ వచ్చారు. అమెరికా స్థావరం కోసం చాగోస్‌ని మాత్రం తన దగ్గరే ఉంచుకోవాలని బ్రిటన్ చూస్తోంది. ఆ రోజు బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్‌తో విడిగా కూర్చున్నారు. అంతకుముందు అధికారులు విల్సన్ చేతికి ఇచ్చిన నోట్ చాలా ఏళ్ల తర్వాత బయటపడింది. అందులో ఉన్నది ఇదీ: రామ్‌గులామ్‌ని ఆశతోనే భయపెట్టాలి. స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశ, చాగోస్ విషయంలో దారికి రాకపోతే రాదేమోనన్న భయం. రామ్‌గులామ్‌కి స్వదేశంలోనూ పట్టు అంతంతే. హిందువుల పెత్తనం వస్తుందని భయపడే వర్గాలు స్వాతంత్ర్యమే వద్దంటున్నాయి, తర్వాత 1967 ఎన్నికల్లో 44 శాతం ఓట్లు ఆ వర్గాల పార్టీకే పడ్డాయి. ఆయన ఒప్పుకున్నారు. 30 లక్షల పౌండ్లిచ్చి, 1965 నవంబర్ 8న చాగోస్‌ని మారిషస్ నుంచి విడగొట్టేశారు.

ఒప్పుకుని డబ్బు తీసుకున్నారు కదా అన్నది బ్రిటన్ వాదన. దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారం అనలేమని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. నాకైతే ఆ నోట్ చదివాక ఇంకో తీర్పు అక్కర్లేదనిపించింది.

అసలు నష్టపోయినవాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. చాగోస్ కొబ్బరి తోటల్లో తరతరాలుగా బతుకుతున్న పదిహేను వందల నుంచి రెండు వేల మందిని 1968 నుంచి 1973 మధ్య ఖాళీ చేయించారు. వైద్యానికో, చుట్టాల్ని చూడ్డానికో మారిషస్ వచ్చినవాళ్లకి తిరిగెళ్లే ఓడ లేదన్నారు. 1971లో డీగో గార్సియాలో వాళ్ల పెంపుడు కుక్కల్ని పోగేసి, కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పెట్టి పొగతో చంపారు. తర్వాత మనుషుల్ని ఓడెక్కించారు. చాలామంది మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ మురికివాడల్లో తేలారు.

ఇక్కడ మారిషస్‌ని కూడా వదిలిపెట్టలేం. వీళ్ల పునరావాసానికని బ్రిటన్ ఇచ్చిన 6.5 లక్షల పౌండ్లు ఏళ్ల తరబడి ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి, పంచేసరికి 1978 వచ్చింది, ఆలోపు ధరలు పెరిగి ఆ డబ్బుకి విలువే పోయింది. 1982లో మరో పరిహారం వచ్చినప్పుడు, తిరిగెళ్లే హక్కు వదులుకుంటున్నామని ఇంగ్లీషులో రాసున్న కాగితాల మీద చదువురాని ఆడవాళ్ల చేత కూడా వేలిముద్రలు వేయించుకున్నారు. డబ్బు ముట్టినట్టు రసీదు అనుకున్నామని వాళ్లు తర్వాత చెప్పారు.

అందుకే 2025 ఒప్పందాన్ని మారిషస్ గెలుపు అని ఊరుకోలేకపోతున్నాను. ఈసారీ రెండు ప్రభుత్వాలే కూర్చున్నాయి. సంతకాలకు ముందు రాత్రి, డీగో గార్సియాలో పుట్టిన ఇద్దరు మహిళలు లండన్ కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. తెల్లారాక కోర్టు దాన్ని ఎత్తేసింది, ఆ రోజే సంతకాలైపోయాయి. మిగతా దీవుల్లో మళ్లీ ఊళ్లు కట్టుకోవచ్చని ఒప్పందంలో ఉంది. వాళ్లు పుట్టిన దీవికి మాత్రం అది వర్తించదు.