సురక్షిత దినాల లెక్క ఎక్కడ తప్పుతుంది?

నెలసరికి ముందు వారం, తర్వాత వారం కలిసినా గర్భం రాదన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చునని ఒక పాఠకురాలు అడిగారు. నెలసరి క్రమంగా వచ్చేవారికి ముందు వారం విషయంలో అది చాలావరకు నిజమే. తర్వాత వారాన్ని మాత్రం నమ్మడానికి లేదు.

అండం విడుదలయ్యాక మరుసటి నెలసరి రావడానికి ఎక్కువమందిలో 12 నుంచి 16 రోజులు పడుతుంది. నెలనెలా పెద్దగా మారని భాగం ఇది. అండం ఎదిగే మొదటి భాగమే ఒక నెల సాగి, మరో నెల కుదించుకుపోతుంది. 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అనే వైద్యులు విడివిడిగా గుర్తించిన ఈ సంగతి మీదనే, రాబోయే నెలసరి తేదీ నుంచి వెనక్కి లెక్కించి గర్భం వచ్చే రోజులను అంచనా వేసే క్యాలెండర్ పద్ధతి నిలబడింది. అయితే అలా లెక్కించాలంటే ఇంకా రాని నెలసరి తేదీ ముందే తెలియాలి. 28 రోజుల బొమ్మ గీసి, 14వ రోజున అండం విడుదలవుతుందని పిల్లలచేత బట్టీ పట్టించే పాఠాలు అసలు చిక్కును కప్పిపెడతాయి. ఎప్పుడూ 28 రోజులకు వచ్చే నెలసరి ఒకసారి 23 రోజులకే వచ్చిందనుకుందాం: ఆ నెల అండం 9వ రోజుకల్లా విడుదలై ఉంటుంది. అండం ఒక రోజుకు మించి బతకకపోయినా శుక్రకణాలు 5 రోజుల దాకా బతకగలవు గనుక, రక్తస్రావం పూర్తిగా ఆగని 4వ రోజు కలయిక కూడా గర్భానికి దారితీయవచ్చు.

అందుకే తేదీలను వదిలి శరీరం చూపే గుర్తులను గమనించే పద్ధతులు వచ్చాయి. అండం ఎదిగేటప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగేకొద్దీ యోనిస్రావం పలచబడి, వేళ్ల మధ్య తీగలా సాగుతుంది. అది ముందస్తు సూచన. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ ప్రభావంవల్ల, వేకువనే నిద్ర లేవగానే చూసే శరీర ఉష్ణోగ్రత 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. రైలు వెళ్లిపోయాక మోగే గంట వంటిది కనుక అది ముందు రోజులకు పనికిరాదు. ఈ రెండింటినీ కలిపి గమనించిన 900 మంది స్త్రీల మీద జర్మనీలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, నియమం తప్పనివారిలో ఏడాదికి నూటికి 0.4, తప్పినవారినీ కలుపుకుంటే 1.8 అవాంఛిత గర్భాలు నమోదయ్యాయి. వారంతా చక్కని శిక్షణ పొందినవారు. సాధారణ వాడుకలో మాత్రం సహజ పద్ధతులన్నిటి వైఫల్యం, పద్ధతినిబట్టి, నూటికి 2 నుంచి 23 వరకు ఉంటుంది.

నా దృష్టిలో ఇంత తేడాకు కారణం ఎక్కువగా అండం విడుదలకు ముందుండే, నెలనెలా మారే ఆ మొదటి భాగమే. ఆరు తక్కువ ఉష్ణోగ్రతల తర్వాత వరుసగా మూడు రోజులు ఎక్కువ ఉష్ణోగ్రత కనిపించి, స్రావం కూడా ఎండిపోయాక మిగిలిన రోజుల్లోనే కలిసేవారికి ప్రమాదం బాగా తగ్గుతుంది. ప్రసవమయ్యాక, ముట్లుడిగే వయసులో, నెలసరి క్రమం తప్పినవారిలో ఈ గుర్తులు స్పష్టంగా ఉండవు గనుక, వారు వైద్యులను సంప్రదించి వేరే సాధనం ఎంచుకోవడమే మేలు.