రెండు వరసల పట్టిక

నాడి చూసేటప్పుడు చాలామంది నిమిషం పొడవునా లెక్కపెట్టరు. 15 సెకన్లు చూస్తారు. 18 సార్లు కొట్టుకుంటే దాన్ని నాలుగుతో హెచ్చవేసి 72 అంటారు. అనుపాతం (ఒకటి ఎన్ని రెట్లయితే రెండోదీ అన్ని రెట్లే అవడం) అన్న మాట వినగానే టెన్షన్ పడేవాళ్లు కూడా ఈ లెక్క అలవోకగా చేసేస్తారు. మనసులో చేసిన ఆ పనినే కాగితం మీద రెండు వరసల్లో రాస్తే నిష్పత్తి పట్టిక అవుతుంది.

ఒక పంపు నుంచి 6 నిమిషాల్లో 40 లీటర్ల నీళ్లు వస్తున్నాయనుకుందాం. ధార ఒకేలా ఉంది. 21 నిమిషాల్లో ఎన్ని లీటర్లు వస్తాయి?

నిమిషాలు: 6, 3, 18, 21
లీటర్లు: 40, 20, 120, 140

6ను సగం చేస్తే 3, కాబట్టి 40 కూడా సగమై 20 అయింది. 6ను మూడింతలు చేస్తే 18, దాని కింద 120. ఇక 18, 3 కలిపితే 21. కింద 120, 20 కలిపితే 140. నిమిషానికి ఎన్ని లీటర్లో కడదామంటే 6.666... అంటూ దశాంశాలు వెంటపడేవి. పట్టికలో ఆ బెడద లేదు. పైగా దారి ఒక్కటే కాదు. 6, 12, 18 అంటూ వెళ్లి చివర్లో 3 కలిపినా అదే జవాబు. ప్రశ్నను తిరగేసి 90 లీటర్లకు ఎంతసేపని అడిగినా ఇదే పట్టిక పనికొస్తుంది. 20 లీటర్లకు 3 నిమిషాలు, 10కి ఒకటిన్నర, 90కి పదమూడున్నర.

ఇదే లెక్కకు మన పాత పద్ధతి త్రైరాశికం. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమన్నాడు. మన పంపు లెక్కలో ఫలం 40, ఇచ్ఛ 21, ప్రమాణం 6. 40ని 21తో గుణించి 6తో భాగిస్తే 140 వచ్చేస్తుంది. బడిలో నేర్పే అడ్డగుణకారం కూడా దీని చుట్టమే. పని త్వరగా అయిపోతుంది, కాదనను. కానీ ఏ అంకెను ఎక్కడ పెట్టాలో మరిచిపోతే తప్పు జవాబు కూడా అంతే త్వరగా వస్తుంది, తప్పని తెలియను కూడా తెలియదు. పట్టికలో ప్రతి అడుగూ కళ్లముందే ఉంటుంది.

ఇందులో ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. 1970 ప్రాంతంలో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ కార్‌ప్లస్ పిల్లలకు ఒక చిక్కుప్రశ్న ఇచ్చాడు. పొట్టాయన ఎత్తు 4 గుండీలు, పొడుగాయన ఎత్తు 6 గుండీలు. పేపర్ క్లిప్పులతో కొలిస్తే పొట్టాయన 6 క్లిప్పులు ఉన్నాడు. మరి పొడుగాయన ఎన్ని క్లిప్పులు ఉంటాడు? చాలామంది 8 అన్నారు. 4కు రెండు కలిస్తే 6 అయింది కదా, 6కు కూడా రెండు కలపాలని వాళ్ల తర్కం. పట్టిక వేసి చూడండి. 4 గుండీలంటే 6 క్లిప్పులు, 2 గుండీలంటే 3 క్లిప్పులు, రెండూ కలిపితే 6 గుండీలకు 9 క్లిప్పులు. 8 ఎందుకు కుదరదో తేల్చడానికి ఇంకో దారి కూడా ఉంది, నాకు అదే ఇష్టం. ‘గుండీల కంటే క్లిప్పులు రెండు ఎక్కువ’ అన్నదే నిజమైతే, సున్నా గుండీల ఎత్తున్న మనిషి, అంటే అసలు లేని మనిషి, రెండు క్లిప్పుల పొడవుండాలి!

ఆ సున్నా పరీక్ష పట్టిక వేసే ముందే చేసుకోవడం మంచిది. మన పంపు నీళ్లు పడే తొట్టెలో ముందే 15 లీటర్లు ఉన్నాయనుకోండి. 6 నిమిషాలకు తొట్టెలో 55 లీటర్లు ఉంటాయి. 12 నిమిషాలకు రెట్టింపై 110 అవుతాయా? కావు, 95 మాత్రమే. సున్నా నిమిషాల దగ్గరే 15 ఉన్నాయి కాబట్టి మొత్తం నీళ్లు కాలానికి అనుపాతంలో లేవు. కొత్తగా చేరిన నీళ్లు మాత్రం అనుపాతంలోనే ఉన్నాయి. పట్టికలో వాటినే రాసుకుని, పాత 15 చివర్లో కలుపుకోవాలి.

కొన్నిచోట్ల రెట్టింపు చేయడమే కుదరదు. ఒక చొక్కా ఆరడానికి 2 గంటలు పడితే, పక్కపక్కనే ఆరేసిన ఐదు చొక్కాలకూ 2 గంటలే. ఇంకొన్నిచోట్ల ఒక వరస పెరిగితే రెండోది తగ్గుతుంది. ఒకే రకం పంపులు రెండు తిప్పితే తొట్టె 30 నిమిషాల్లో నిండుతుంది, నాలుగు తిప్పితే 15 నిమిషాల్లో. ఇది విలోమానుపాతం. ఇక్కడ పైన రెట్టింపు చేస్తే కింద సగం చేయాలి, నిలువు వరసలను కలపనే కూడదు. అలవాటు కొద్దీ రెండు, నాలుగు కలిపి ఆరు పంపులకు 45 నిమిషాలు అని రాశామో, దొరికిపోయినట్టే. అసలు జవాబు 10 నిమిషాలు.