గుడ్డ తనంతట తాను నిలబడాలంటే

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పెళ్లికి ముందు రోజు అమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఇస్త్రీ చేయించి, పిన్నులు పెట్టి దాచడం చూసే ఉంటారు. ఎంత శ్రద్ధగా పెట్టినా, రెండు గంటలు పీటల దగ్గర కూర్చుని లేచేసరికి మడతలు సడలిపోతాయి. ఒకసారి తడిస్తే ఇక ఆనవాలే ఉండదు. అలాంటిది, ఫ్యాషన్ షోల ఫోటోల్లో కొత్త డిజైనర్ల బట్టలు లాంతర్లలా, గవ్వల్లా, తేనెపట్టుల్లా ఒంటికి దూరంగా నిలబడి కనిపిస్తాయి. లోపల తీగ పెట్టారా, బకరం వేశారా అని మీకు అనుమానం రావడం సహజం. కొన్నింటిలో అవి ఉంటాయి. నాకు ఎక్కువ ఇష్టమైనవి మాత్రం లోపల ఏమీ లేకుండా, మడత బలంతోనే నిలబడేవి. వాటి గురించే ఈ ఉత్తరం.

ఈ దారి తెలియాలంటే జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే పని చూడాలి. ఆయన 1938లో హిరోషిమాలో పుట్టి, 1970లో టోక్యోలో స్టూడియో పెట్టారు. 2022లో కన్నుమూశారు. మడతల మీద ప్రయోగాలు 1988లో మొదలుపెట్టారు. 1993లో ‘ప్లీట్స్ ప్లీజ్’ అన్న పేరుతో ఆ బట్టలు బజారులోకి వచ్చాయి. మామూలుగా ముందు తానులోని గుడ్డకు మడతలు పెట్టి, తరవాత కత్తిరించి కుడతారు. ఆయన ఆ వరసను తిరగేశారు. చొక్కాను కావలసిన కొలతకు రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దదిగా కత్తిరించి, చేతులు, మెడ, అంచులు అన్నీ కుట్టేసి, రెండు కాగితాల మధ్య పెట్టి, మడతలు వేసే వేడి యంత్రంలోకి పంపారు. బయటికొచ్చేసరికి అది మనిషి కొలతకు ముడుచుకుని ఉంటుంది.

వరస మారిస్తే ఏమిటి లాభం? మడతలున్న గుడ్డను కుట్టుమిషన్ కింద పెడితే పాదం వాటిని నలిపేస్తుంది, కుట్టు వెంబడి గుడ్డ సాగిపోతుంది. ముందే కుట్టేస్తే కుట్టూ అంచూ కూడా గుడ్డతోపాటే మడతపడతాయి. అందుకే ఆ బట్టలు లైక్రా అనే సాగే పోగు లేకుండానే సాగుతాయి. 1991లో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే నర్తకులకు ఆయన మడతల బట్టలే ఇచ్చారు. కాలు పైకెత్తితే తెరుచుకుని, దించితే మూసుకునే గుడ్డ కంటే నర్తకికి ఏం కావాలి?

మడతల గౌన్లు అంతకుముందూ ఉన్నాయి. ఇటలీలోని వెనిస్‌లో పనిచేసిన డిజైనర్ మరియానో ఫార్చ్యూనీ సన్నటి మడతల పట్టు గౌనుకు 1909లోనే పేటెంట్ తీసుకున్నారు. అందమైన పని, కానీ పట్టు. తడిస్తే మడతలు పోయేవి, మళ్లీ పెట్టించడానికి వెనక్కి పంపాల్సి వచ్చేది. మియాకేకు కలిసొచ్చింది పాలిస్టర్. సుమారు 70-80 డిగ్రీలు దాటితే పాలిస్టర్ లోపలి పొడవాటి అణువుల గొలుసులు కదలగలుగుతాయి. ఆ వేడిలో మడిచి పట్టుకుని, చల్లారేదాకా అలాగే ఉంచితే కొత్త చోట్లో బిగుసుకుంటాయి. నూలు అలా మెత్తబడదు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత గంజి ఉన్నంతసేపే.

ఇంట్లో ఇడ్లీపాత్రతో దీన్ని చేయొచ్చు. పొయ్యి దగ్గర పెద్దవాళ్లను ఉండమనండి. మొదటిసారే చొక్కా జోలికి పోకుండా మణికట్టుకు పట్టీ చేయండి.

నూటికి నూరు పాళ్లూ పాలిస్టర్ అయిన పల్చటి జార్జెట్ తీసుకోండి. దుకాణంవాళ్ల మాట చాలదు. నాలుగు పోగులు లాగి, పళ్లెంలో పెట్టి, పెద్దవాళ్లతో వెలిగించి చూడండి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన. నూలు కలిసిన గుడ్డయితే సగం మడత నిలబడి, ఉతికాక జావలా జారిపోతుంది.

పొడవు 47 సెంటీమీటర్లు, వెడల్పు 22 ఉండే ముక్క కత్తిరించండి. పడుగు పోగు, అంటే తాను పొడవునా నడిచే పోగు, వెడల్పు దిక్కున ఉండాలి, మడతలు దాని వెంబడే నడవాలి. ఏటవాలుగా కత్తిరిస్తే మడతలు మెలితిరిగి పట్టీ వంకరపోతుంది. పొడవు అంచులు రెండూ ఒక సెంటీమీటరు లోపలికి మడిచి కుట్టి, చివర్లు కలిపి గొట్టంలా చేయండి. చుట్టుకొలత 45 వస్తుంది. 15 సెంటీమీటర్ల మణికట్టుకు ఇది సరిగ్గా మూడు రెట్లు. దారం కూడా పాలిస్టర్‌దే వాడండి.

ఇప్పుడు అచ్చు. అసలు పనితనమంతా ఇక్కడే. 30 సెంటీమీటర్ల చదరపు డ్రాయింగ్ షీట్లు రెండు కావాలి. న్యూస్‌పేపర్ ఆవిరికి మెత్తబడిపోతుంది. సెంటీమీటరుకొక గీత చొప్పున, స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీయండి. ఒక గీత ఈ వైపు, తరవాతిది షీటు తిప్పి ఆ వైపు. ఆ నొక్కుల వెంట విసనకర్రలా మడవండి. ఒక్కో గీతలో అర మిల్లీమీటరు తేడా వస్తే ఏమవుతుందిలే అనుకోకండి. ముప్పై మడతలయ్యేసరికి అది సెంటీమీటరున్నర అవుతుంది, రెండు అచ్చులూ ఒకదానిలో ఒకటి కూర్చోవు.

కింది అచ్చును దాదాపు చదునుగా పరిచి, దానిమీద గొట్టాన్ని ముడతల్లేకుండా పరిచి, పై అచ్చు మడతకు మడత సరిపోయేలా కూర్చోబెట్టండి. మధ్యనుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ మెల్లగా మూసుకుంటూ రండి. చివర్లనుంచి మూస్తే మధ్యలో గుడ్డ ఇరుక్కుపోయి ఉబ్బుతుంది. నాడాతో గట్టిగా కట్టండి, ప్లాస్టిక్ తాడు వద్దు. కట్టను పొడి తువ్వాలులో చుట్టి, నీళ్లు తగలకుండా ఇడ్లీపాత్రలో ఎత్తుమీద పెట్టండి. తువ్వాలు ఎందుకంటే, మూతనుంచి జారే నీటిచుక్కలు పడిన చోట కాగితం మెత్తబడి మడత మొద్దుబారుతుంది. ముప్పై నలభై నిమిషాలు ఆవిరి పట్టాక దించి, రాత్రంతా కట్టు విప్పకుండా ఆరనివ్వండి. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. వేడిమీద విప్పితే గొలుసులు ఇంకా కదులుతూనే ఉంటాయి, గుడ్డ సాగి మడత సడలిపోతుంది.

ఇంటి ఆవిరి వంద డిగ్రీలు. ఫ్యాక్టరీల్లో 180 డిగ్రీల చుట్టుపక్కల వేడి పెడతారు, అందుకే ఆ మడతలు అంత గట్టివి. మీ పట్టీని చన్నీళ్లలో ఉతకండి, పిండకండి, ఇస్త్రీ అసలే వద్దు.

ఇక శిల్పం సంగతి. మడత నిలువుగా ఉంటే గుడ్డ ఒంటిని అంటుకుని సాగుతుంది. అడ్డంగా పెడితే స్ప్రింగులా వేలాడుతుంది. అలా వేలాడినప్పుడు పై మడతలు కింది బరువంతా మోయాలి కాబట్టి ఎక్కువ తెరుచుకుంటాయి, కిందివి ముడుచుకునే ఉంటాయి. ఆకారం సమంగా రావాలంటే బరువు తక్కువ గుడ్డ వాడాలి. మియాకే 1994 వేసవికి చేసిన ‘ఫ్లయింగ్ సాసర్’ గౌను కాగితపు లాంతరులాంటిది: తొడిగితే పళ్లేలు పేర్చినట్టు ఉంటుంది, విప్పి నేలమీద పెడితే చదునైపోతుంది. 2010లో వచ్చిన ‘132 5.’ ఇంకా ముందుకు వెళ్లింది. చదునుగా మడిచిపెట్టిన గుడ్డను మధ్యలో పట్టి ఎత్తితే గౌను అవుతుంది. ఆ మడతల లెక్క వెనుక కంప్యూటర్ శాస్త్రవేత్త జున్ మితానీ ప్రోగ్రాం ఉంది.

తేనెపట్టు ఆకారానికి వేడి కూడా అక్కర్లేదు. 2000లో జపాన్‌కే చెందిన జున్యా వతనబే దానితో మెడచుట్టూ మేఘంలా నిలబడే కాలర్లు చేశారు. పల్చగా, బిరుసుగా ఉండే పాలిస్టర్ ఆర్గంజా గుడ్డ పట్టీలు ఇరవై తీసుకోండి. మొదటి రెంటినీ నాలుగు సెంటీమీటర్లకొక కుట్టుతో కలపండి. మూడోదాన్ని రెండోదానికి కుట్టేటప్పుడు ఆ కుట్లను రెండు సెంటీమీటర్లు పక్కకు జరపండి. నాలుగోదానికి మళ్లీ మొదటి చోటే. కుట్టు పొరపాటున మూడు పొరల్లోంచి దిగితే ఆ గది తెరుచుకోదు, అక్కడ విప్పి మళ్లీ కుట్టాల్సిందే.

ఏది చేసినా తొడిగి చూడండి. చేతులెత్తండి, కూర్చోండి, గుమ్మంలోంచి నడవండి. ఎక్కడ నలిగిందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకోండి. తరవాతి అచ్చులో ఆ చోట మడత వెడల్పు సగానికి తగ్గించి చూడండి. ఆ రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపండి, తేడా నేనూ చూస్తాను.

మీ పెద్దమ్మ