ఏడుగురిలో ఎవర్నీ తీసేయకండి: గేలిక్ 'వింత నేర్పుల తోడుగాళ్ల' కథ, అపోహలు – వాస్తవాలు

అపోహ: ఏడుగురు ఎందుకు, ముగ్గురు చాలు.

ఈ కథను తెలుగులో చెప్పేవాళ్లు, అనువదించేవాళ్లు పదే పదే చేసే తప్పు ఇదే. కథ మొత్తం చెడేదీ దీనివల్లే. 1891లో జేమ్స్ మక్‌డూగల్ అచ్చువేయించిన స్కాట్లండ్ గేలిక్ భాషా కథనం చూడండి. ఓడలో వచ్చిన వీరుడొకడు, తనకు పుట్టిన బిడ్డల్ని ఎవరో ఎత్తుకుపోతున్నారని, ఈసారి కాపలాకు రావాలని గేలిక్ కథల నాయకుడు ఫిన్‌ను మాటతో కట్టిపడేస్తాడు. ఒడ్డున ఫిన్‌కు ఏడుగురు ఎదురవుతారు: వడ్రంగి, జాడ తీసేవాడు, పట్టు పట్టేవాడు, ఎక్కేవాడు, దొంగ, వినేవాడు, విలుకాడు.

వడ్రంగి మూడు గొడ్డలి వేట్లతో ఓడ చెయ్యకపోతే సముద్రం దాటేదెలా? అలల మీద బాతు జాడ సైతం పట్టేవాడు లేకపోతే ఓడ ఎటు పోవాలి? రాక్షసుడి సంగతి వినేవాడు ముందే పసిగడతాడు. పొగగూటిలోంచి దిగిన చేతిని పట్టు పట్టేవాడు దొరకబుచ్చుకుంటాడు. అటు లాగుడు, ఇటు లాగుడు, చివరికి చెయ్యి భుజం దగ్గర ఊడొస్తుంది. అందరూ ఆ చేతిని చూడబోయేలోపు రెండో చెయ్యి దిగి బిడ్డను ఎత్తుకుపోతుంది. కథకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది: అంత బలమూ చాలలేదు, అందుకే మిగతావాళ్లు కావాలి. రాక్షసుడి కోట గోడ ఎక్కడానికి ఒకడు, కొంగ చూస్తుండగానే గుడ్డు కాజేసే దొంగ ఇంకొకడు, తరుముకొచ్చే రాక్షసుణ్ణి కొట్టడానికి విలుకాడు. మొదట పరిచయంలో ఒకరిని ఎగరగొడితే తర్వాత వాడి పని వచ్చినచోట కథ ఆగిపోతుంది. అప్పుడు చెప్పేవాళ్లు ఆ పనీ ఫిన్‌కే అంటగడతారు. సాయం అడిగి నిలబడ్డవాడు కాస్తా అన్నీ తానే చేసేవాడైపోతాడు.

అపోహ: ఆ చెయ్యి సంగతి వింటే పిల్లలు జడుసుకుంటారు.

భయపడే అమ్మానాన్నల బెంగ అర్థమవుతుంది. చెయ్యిని తీసేయక్కర్లేదు. బిడ్డ పోయినచోట మాత్రం ఆ రాత్రికి ఆపకండి. బిడ్డలు తిరిగి తల్లి ఒడి చేరేదాకా ఒకే బిగిన చెప్పేయండి.

అపోహ: మన భేతాళ కథనే వాళ్లు ఎత్తుకుపోయారు.

ఈ పుకారు ఇక చాలు. పోలిక నిజమే. భేతాళ కథలో సోమప్రభ అనే అమ్మాయిని రాక్షసుడు ఎత్తుకుపోతే ఒకడు జాడ చెబుతాడు, ఒకడు ఆకాశరథం చేస్తాడు, ఒకడు పోరాడతాడు. ఇలాంటి కథలకు పుట్టిల్లు భారతదేశమని జర్మన్ పండితుడు థియోడర్ బెన్ఫీ 1858లోనే వాదించాడు. వాదన వేరు, రుజువు వేరు. పైగా భేతాళుడు "ఆమె ఎవరికి చెందాలి?" అని అడుగుతాడు. ఫిన్ కథలో ఆ ప్రశ్నే లేదు.

అపోహ: గేలిక్, వెల్ష్ ఒకటే.

కావు. రెండూ కెల్టిక్ భాషలే అయినా, వేల్స్ వాళ్ల వెల్ష్ వేరే శాఖ. వెల్ష్ కథల్లోని అర్థర్ రాజు పరివారాన్ని ఇందులో కలపకండి.

అపోహ: చివర్లో కుక్కపిల్ల అనవసరం.

దొంగ బిడ్డలతోపాటు కోటలోంచి కుక్కపిల్లల్నీ తెస్తాడు. వాటిలో ఒకటి ఫిన్‌కు దక్కుతుంది. అదే బ్రాన్, ఆ తర్వాతి వేట కథల్లో అతని వెంట ఉండే కుక్క.