పలుపు పొడుగు

చి. చిన్నాకి, బుజ్జికి పెద్దతాతయ్య ఆశీస్సులు.

భోగి మంటలోకి కర్రా కంపా వెతుకుతూ గొడ్లసావిడి అటక ఎక్కారట. అక్కడ మీ నాన్న చిన్నప్పటి ఎర్ర సైకిలు, మా నాన్నగారి పెద్ద సైకిలు దొరికాయట. నానమ్మ రెండింటినీ పాత ఇనుముకి వేసేస్తానంటే మీరిద్దరూ అడ్డంపడ్డారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మీరు పంపిన బొమ్మ కూడా చూశాను. పొడుగాటి ముందు ఫోర్కు, చిన్న ముందు చక్రం, పైకి లేచిన హ్యాండిలు, వెనక ఆనుకోవడానికి కమ్మీ. చాపర్ సైకిలు! దాని కింద బుజ్జి రాసింది: "తాతయ్యా, ముందు చక్రం అంత దూరంగా ఉంటే హ్యాండిల్ తిప్పితే తిరుగుతుందా, పడిపోతామా?"

ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

దూడని చెరువుకి తీసుకెళ్లేటప్పుడు ఏం చేస్తారు? పలుపు పట్టుకుని మీరు ముందు నడుస్తారు, దూడ వెనక వస్తుంది. మీరు ఎటు మళ్లితే అదీ అటే మళ్లుతుంది. అదే దూడని ముందు పెట్టి వెనక నుంచి నెట్టండి. నాలుగడుగులు కూడా తిన్నగా పోదు, అడ్డం తిరిగిపోతుంది.

సైకిలు ముందు చక్రం కూడా పలుపు కట్టిన దూడే. మీ ఎర్ర సైకిలుని నిలబెట్టి, హ్యాండిల్ కింద ఫోర్కు తిరిగే గొట్టం ఉంటుంది చూడండి, దాని వాలుకి ఒక పొడుగు కర్ర ఆనించి నేలదాకా పట్టండి. కర్ర నేలకి తగిలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. టైరు నేలకి ఆనిన చోట ఇంకో గుర్తు పెట్టండి. కర్ర గుర్తు ముందు ఉంటుంది, టైరు గుర్తు వెనక ఉంటుంది. కర్ర గుర్తు దగ్గర మీరు పలుపు పట్టుకుని నడుస్తున్నారు, టైరు గుర్తు దగ్గర దూడ వస్తోంది. మామూలు సైకిలుకి ఆ మధ్య దూరం రెండు మూడు అంగుళాలు. అదే పలుపు పొడుగు.

ఫోర్కు పొడుగైతే ముందు భాగం పైకి లేస్తుంది, ఆ గొట్టం ఇంకా వెనక్కి వాలుతుంది. అప్పుడు కర్ర ఇంకా ముందుకి పోయి నేలని తాకుతుంది. అంటే పలుపు పొడుగైందన్నమాట. పొడుగు పలుపుతో తిన్నటి దారిలో నడవడం హాయిగా ఉంటుంది, దూడ కాస్త అటూ ఇటూ ఊగినా మీ చెయ్యి లాగదు. చాపర్ కూడా తిన్నటి రోడ్డు మీద అలాగే పోతుంది. కానీ సందు మలుపులో పొడుగు పలుపు ఎంత ఇబ్బందో మీకు తెలుసు. మీరు మలుపు తిరిగిపోతారు, దూడ ఇంకా వెనక గోడ దగ్గరే ఉంటుంది. అందుకే చాపర్‌ని తిప్పాలంటే చోటు ఎక్కువ కావాలి. ఇంకోటి. మీరు ఆగితే పొడుగు పలుపు దూడ ఏం చేస్తుంది? పక్కనున్న గడ్డి మీదకి పోతుంది. చాపర్ కూడా నెమ్మదిగా పోయేటప్పుడు హ్యాండిలు దానంతట అదే ఒక పక్కకి వాలిపోతుంది. అప్పుడు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. కాబట్టి బుజ్జీ, తిరుగుతుంది, పడిపోము. కానీ పలుపు మరీ పొడుగు పెట్టుకోకూడదు.

ఈ ఆకారం ఎవరు కనిపెట్టారని చిన్నా అడుగుతాడు, నాకు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో కుర్రాళ్లు మోటార్ సైకిళ్లకి ఉన్న బరువైన మడ్‌గార్డులూ అవీ కోసేసి తేలిక చేసుకునేవారు. అలా కోసిన బండికే చాపర్ అని పేరు. కాలిఫోర్నియాలో పిల్లలు అది చూసి తమ 20 అంగుళాల పాత సైకిళ్లకి ఎత్తు హ్యాండిళ్లు, పొడుగు సీట్లు తగిలించుకున్నారు. అప్పట్లో షికాగోలో ష్విన్ అనే సైకిల్ కంపెనీ ఉండేది. ఆ కంపెనీలో పనిచేసే ఆల్ ఫ్రిట్జ్ ఈ సంగతి విని, అలాంటి సైకిలే తయారు చేయించి 1963లో అమ్మకానికి పెట్టాడు. ఆ తరవాత ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లోని రాలీ కంపెనీ చాపర్ అనే పేరుతోనే సైకిలు తెచ్చింది. దానికి ముందు చక్రం 16 అంగుళాలు, వెనకది 20. చూశారా, పెద్ద కంపెనీలే పిల్లల దగ్గర నేర్చుకున్నాయి. ముందు దొడ్లో తయారైంది, తరవాతే ఫ్యాక్టరీలో.

మన దగ్గరా ఉన్నారు. హైదరాబాదులో సుధాకర్ గారు బడి వయసులోనే పాత ఇనుముతో బండ్లు చేయడం మొదలుపెట్టారు. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. బహదూర్‌పురాలో ఆయన మ్యూజియం ఉంది, వేసవిలో తీసుకెళ్తాను.

ఇప్పుడు మన పని. ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మీ తాతయ్యకి గడ్డం కింద మచ్చ ఉంది కదా, అది ఎలా వచ్చిందో ఎప్పుడైనా చెప్పాడా? నాకు పదమూడేళ్లు, వాడికి పదేళ్లు. అప్పటికి మాకు సొంత సైకిలు లేదు. నాన్నగారి సైకిలు మీద సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాళ్లం. ఒక క్యాలెండరు మీద పొడుగు ఫోర్కు మోటార్ సైకిలు బొమ్మ చూశాను. అంతే, నిద్రపట్టలేదు. పంచర్ షాపతను పారేసిన ఒక చిన్న సైకిలు ఇస్తే, దాని ఫోర్కు కాళ్లకి కుళాయి గొట్టం ముక్కలు సుత్తితో కొట్టి ఎక్కించి, చిల్లు పొడిచి బోల్టులు వేశాను. మూడు రోజులు ఊరంతా చూసింది. నాలుగో రోజు తమ్ముణ్ణి ఎక్కించాను. కాలవగట్టు దిగుతుంటే బోల్టు చిల్లు దగ్గర ఫోర్కు పుటుక్కున విరిగింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి వాడి చొక్కా అంతా రక్తం. నాలుగు కుట్లు పడ్డాయి. వాడు ఇంట్లో నా పేరు చెప్పలేదు, జారిపడ్డానన్నాడు. ఆ విరిగిన ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది. గొట్టం పొడుగైన కొద్దీ గతుకు తగిలినప్పుడు దాని మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడంతా వెళ్లి ఎక్కడ చిల్లుంటే, ఎక్కడ అతుకుంటే అక్కడ కూర్చుంటుంది. ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఇదే.

అందుకని ఫోర్కుని అతికించొద్దు. పుట్టుకతోనే పొడుగున్న ఫోర్కు మీ అటక మీదే ఉంది! మా నాన్నగారి సైకిలు 28 అంగుళాల చక్రాలది. దాని ఫోర్కు మీ ఎర్ర సైకిలు ఫోర్కు కంటే నాలుగంగుళాల పైనే పొడుగు. అందులో 16 అంగుళాల చిన్న చక్రం పెడితే సరిపోతుంది, ఒక్క వెల్డింగు కూడా అక్కర్లేదు. పైన గొట్టం మాత్రం ఎర్ర సైకిలుకి ఎక్కువవుతుంది. దాన్ని కోసి, కొత్తగా మర వేయాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు, నాకు పంపండి.

ఈలోగా మీరు విప్పండి. కోయడం కాదు, విప్పడం. తుప్పు పట్టిన నట్లకి రాత్రి కిరసనాయిలు పోసి వదిలేయండి, పొద్దున పానా పెడితే కిర్రుమని కదులుతాయి. ఎడమ పెడల్ మాత్రం గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది, దాని మర తిరగేసి ఉంటుంది. తెలియక రెండో వైపు బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది. పెద్ద సైకిలు వెనక చక్రం ఇరుసు విప్పేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరవండి. నల్లటి గ్రీజులో బాల్స్ ఉంటాయి, ఒక్కో వైపు తొమ్మిది. ఒకటి తీసి గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకోండి. ఎన్నో ఏళ్లు అటక మీద పడి ఉన్న సైకిలులోంచి అద్దంలా మెరిసే గుండు వస్తుంది, దాంట్లో మీ ముఖం కనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. మీ ముత్తాత పొలానికి వెళ్లిన ప్రతి రోజూ ఆ పద్దెనిమిది గుండ్ల మీదే దొర్లింది. లెక్కపెట్టి డబ్బా మూతలో దాచండి.

హ్యాండిలుకి పాత మోపెడ్‌ది వెతుకుదాం. కానీ పట్టుకుంటే చేతులు మీ భుజాలు దాటి పైకి వెళ్లకూడదు. వెనక కమ్మీకి విరిగిన ఇనుప కుర్చీ గొట్టం వాడొచ్చు. కుళాయి గొట్టం మాత్రం వద్దు, దాని మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగు చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పొడుగు ఫోర్కులో చిన్న చక్రానికి ముందు బ్రేకు అందదు. కాబట్టి వెనక బ్రేకుకి కేబులూ రబ్బర్లూ కొత్తవి కొంటాను. మిగతాదంతా పాతది, అవి ఒక్కటే కొత్తవి. తొక్కడం మన దొడ్లో, కళ్లంలో. రోడ్డెక్కొద్దు.

దూడ సంగతి ఒకటి మిగిలింది. సైకిలు తనంతట తాను పడకుండా పోవడానికి పలుపే కారణమని నేను చాలాకాలం అనుకున్నాను. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఒక వింత సైకిలు చేశారు. అందులో పలుపు లేదు, దూడే కాస్త ముందుంటుంది. తిరిగే చక్రాల వల్ల వచ్చే పట్టు కూడా లేకుండా చేశారు. దాన్ని తోసి వదిలితే ఎవరూ ఎక్కకుండానే, పడకుండా పోయింది! రోజూ పాలవాడు తొక్కుకొచ్చే సైకిలులో ఇంకా ఇంత రహస్యం ఉంది.

ఉత్తరం మడిచి దొడ్లోకి వెళ్లండి. ఎర్ర సైకిలుని సీటు దగ్గర మాత్రమే పట్టుకుని, హ్యాండిలు ముట్టుకోకుండా ఎడమకి వంచండి. ముందు చక్రం ఎటు తిరుగుతుందో చూడండి. తరవాత కుడికి వంచండి. సుద్ద గుర్తుల మధ్య దూరం కొలిచి నోటుబుక్కులో రాసి పెట్టండి, కొత్త ఫోర్కు వేశాక మళ్లీ కొలుద్దాం. ఆదివారం పొద్దుటి బస్సుకి ఫోర్కుని గోనెసంచిలో చుట్టి మీ నాన్న చేత పంపించండి.

మీ
పెద్దతాతయ్య