ఆర్గాన్ వెల్డింగ్ అయ్యాక మళ్లీ కాల్చాలా? క్రోమోలీ గొట్టం మీద పాత పేచీ

క్రోమోలీ అనే బలమైన ఉక్కు గొట్టాన్ని ఆర్గాన్ వెల్డింగ్ చేసి చల్లారనిస్తే బీడుకి, అంటే కరిగి గడ్డకట్టిన అతుకు గీతకి, రెండు పక్కలా రంగుల పట్టీలు తేలతాయి. అతుకుని ఆనుకుని బూడిదరంగు, తర్వాత నెమలికంఠం నీలం, ఆ పక్కన ఊదా, చివర్న ఎండుగడ్డి రంగు, ఆపైన మామూలు ఇనుము. అన్నీ కలిపి వేలు వెడల్పు ఉంటాయేమో. చూడ్డానికి బాగుంటుంది, కుర్రాళ్లు ఫొటోలు తీసుకుంటారు. గొడవంతా ఆ కాస్త మేరలోనే ఉంది.

దాన్ని అలా వదిలేయొచ్చా, లేక గ్యాస్ టార్చి పెట్టి మళ్లీ ఎర్రగా కాల్చి నిదానంగా చల్లార్చాలా? విమానాల పని నేర్చుకున్న పాతకాలం వాళ్లు "కాల్చకపోతే అతుకు పక్కన పుటుక్కుమంటుంది" అంటారు. రేసు కార్ల ఛాసిస్‌లు కట్టేవాళ్లు "ముట్టుకోకు, చెడగొడతావ్" అంటారు. ఇద్దరిదీ అనుభవమే. కాకపోతే వాళ్ల అనుభవాలు వేర్వేరు మంటల దగ్గర వచ్చినవి.

ముందు ఉక్కు సంగతి. ఈ గొట్టాలకు ఎక్కువగా వాడేది 4130. అమెరికా లెక్కలో 41 అంటే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. 30 అంటే కార్బన్ 0.30 శాతం అని. క్రోమియం ఒక శాతం చుట్టుపక్కల, మాలిబ్డినం 0.2 శాతం చుట్టుపక్కల ఉంటాయి. "క్రోమోలీ తేలిక" అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. తేలికేం కాదు. ఒకే కొలత గొట్టాలు రెండు తెచ్చి కాటాలో పెడితే మైల్డ్ స్టీల్‌కీ (మామూలు ఉక్కుకీ) దీనికీ తేడా రాదు. దీనికి బలం ఎక్కువ కాబట్టి గోడ పల్చగా ఉన్న గొట్టం వాడొచ్చు, బరువు అక్కడ కలిసొస్తుంది. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం అంగుళం ముప్పావు వ్యాసం ఉన్న రోల్ బార్‌కి (కారు బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే గొట్టానికి) మైల్డ్ స్టీల్ అయితే గోడ 0.118 అంగుళాలు ఉండాలి, అంటే 3 మిల్లీమీటర్లు. క్రోమోలీ అయితే 0.083 అంగుళాలు, అంటే 2.1 మిల్లీమీటర్లు చాలు.

ఆ బలంతోపాటే చిక్కూ వచ్చింది. అంత కార్బన్ ఉన్న ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఏమవుతుందో ఏ కమ్మరి కొలిమి దగ్గర అడిగినా చెబుతారు: గట్టిపడుతుంది, దాంతోపాటు పెళుసుబారుతుంది. క్రోమియం, మాలిబ్డినం కూడా ఉంటే ఆ గట్టిపడటానికి నీళ్లంత వేగం కూడా అక్కర్లేదు. వెల్డింగ్‌లో నీళ్లెవరూ పొయ్యరు కానీ, కరిగిన చోటు పక్కనున్న చల్లటి ఇనుమే వేడిని గబగబా లాగేస్తుంది. కొలిమి దగ్గర నీళ్లు చేసే పనిని ఇక్కడ అది చేస్తుంది.

ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసి విమానం ఒళ్లు కట్టడంలో ముందు పేరు తెచ్చుకున్నది ఆంథొనీ ఫొకర్ కంపెనీ. మిగతావాళ్లు చాలామంది కర్రా తీగలతో బిగిస్తున్న రోజులవి. ఆయన దగ్గర 1912లో చేరిన రైన్‌హోల్డ్ ప్లాట్జ్ డిగ్రీ ఉన్న ఇంజనీరు కాదు, వెల్డరు. తర్వాతి డిజైన్లలో అతని వాటా ఎంతన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. గొట్టాల వెల్డింగ్ అతని చేతిపని అనడంలో మాత్రం పేచీ లేదు. 1918లో వచ్చిన ఫొకర్ డి-7 ఎంత మంచి విమానమంటే, మొదటి ప్రపంచయుద్ధం ఆపిన ఒప్పందంలో దాన్ని పేరుపెట్టి మరీ అప్పగించమన్నారు. అయితే అప్పటి గొట్టాలు మామూలు ఉక్కువి. 1927లో లిండ్‌బర్గ్ అనే పైలట్ అట్లాంటిక్ దాటిన విమానం ఒళ్లు కూడా శాన్ డియేగోలోని ర్యాన్ కంపెనీలో వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాలదే. అమెరికా విమాన ఫ్యాక్టరీలు క్రోమోలీకి మళ్లింది 1920లు, 30లలో. పైపర్ కబ్ లాంటి చౌక విమానాల్లో రెండు రకాలూ కలిపి వాడారు: బరువు పడే చోట క్రోమోలీ, మిగతా చోట్ల మైల్డ్ స్టీల్.

వాటన్నిటికీ వాడింది గ్యాస్ వెల్డింగే. ఆక్సీ ఎసిటిలీన్ మంట మూడువేల డిగ్రీలు దాటుతుంది కానీ, ఆ వేడి ఒక చోట నిలవదు. అతుకు పూర్తయ్యేసరికి దాని చుట్టూ చాలా మేర ఎర్రబడుతుంది. అంత ఇనుము ఎర్రబడ్డాక గాలిలో చల్లారడానికి టైం పడుతుంది. చివర్లో టార్చిని ఒక్కసారిగా తీసేయకుండా మెల్లమెల్లగా దూరం జరపడం పనివాళ్ల పద్ధతి. దాంతో గట్టిపడి పెళుసయ్యే భయం చాలావరకు తగ్గేది. గొట్టాలు వంకర్లు పోవడం, కొలతలు తప్పడం వేరే తలనొప్పి.

టిగ్, అంటే మన ఆర్గాన్ వెల్డింగ్, పుట్టింది క్రోమోలీ కోసం కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కాలిఫోర్నియాలో జాక్ నార్త్రప్ కంపెనీకి మెగ్నీషియంతో యుద్ధవిమానం కట్టాలని పట్టుదల. మెగ్నీషియం కాలినప్పుడు గాలి తగిలితే భగ్గుమంటుంది. దాన్ని అతికించడానికి రసెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ కడ్డీ చివర ఆర్క్ (కరెంటు మెరుపు) పుట్టించి, చుట్టూ హీలియం ఊదే పద్ధతి తయారుచేశాడు. 1942లో పేటెంటు వచ్చింది, హీలియార్క్ అని పేరు పెట్టారు. ఆ మెగ్నీషియం విమానం ఎక్స్‌పి-56 రెండు నమూనాల దగ్గరే ఆగిపోయింది. వెల్డింగ్ పద్ధతి మాత్రం ఊళ్లేలింది. హీలియం స్థానంలో చౌకైన ఆర్గాన్ వచ్చాక మరీ. అమెరికాలో పెద్ద వయసు వెల్డర్లు ఇంకా హీలియార్క్ అనే అంటారు. మన దగ్గర ఆర్గాన్ వెల్డింగ్ అంటారు, టిగ్ అన్నది కాలేజీ మాట.

ఈ ఆర్క్ క్రోమోలీ గొట్టాల మీదికి వచ్చినప్పుడు పాతవాళ్లు భయపడ్డారంటే, అది ఉత్తి చాదస్తం కాదు. వేడి ఒక్క చుక్కలో పడుతుంది, పక్కనంతా చల్లగానే ఉంటుంది, కాబట్టి వేగంగా చల్లారుతుంది. మందం గోడల విషయంలో ఆ భయం ఇప్పటికీ చెల్లుతుంది. 3 మిల్లీమీటర్లు దాటితే ముందుగా 150 నుంచి 200 డిగ్రీల దాకా వేడిచేసుకోమంటారు. పల్చటి గొట్టంలో కథ వేరు. వేడిని లాగేయడానికి పక్కన అంత ఇనుమే ఉండదు. పైగా ఆర్గాన్ వెల్డింగ్‌లో తేమ పీల్చే ఫ్లక్స్ (అతుకుని గాలి నుంచి కాపాడే మందు) లేదు కాబట్టి, పగుళ్లు తెచ్చే హైడ్రోజన్ దూరే దారి తక్కువ. గొట్టం మీద నూనె, తుప్పు తుడవకుండా మొదలుపెడితే ఆ లాభం పోయినట్టే.

ఇంకోటి ఫిల్లర్ రాడ్, అంటే అతుకులోకి కరిగించి నింపే కడ్డీ. ఎక్కువమంది వాడేది ఈఆర్ 70ఎస్-2, లేదంటే ఈఆర్ 80ఎస్-డి2. రెంటిలోనూ కార్బన్ తక్కువ, అతుకు గొట్టం కన్నా మెత్తగా వస్తుంది. మెత్తటి అతుకు కావాలనుకోవడం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. బీడు గోడకన్నా మందంగా ఉంటుంది కాబట్టి బలం సరిపోతుంది, సాగే గుణం అదనం. సాక్షాత్తు 4130 రాడ్డే వాడాల్సింది మొత్తం ఫ్రేమ్‌ని ఫర్నేస్‌లో పెట్టి హీట్ ట్రీట్‌మెంట్ చేసేటప్పుడు.

ఇక చేత్తో టార్చి పట్టుకుని మళ్లీ కాల్చడం. వెల్డింగ్ వల్ల ఇనుములో మిగిలిపోయిన ఒత్తిడి తీయడానికి 600 డిగ్రీలు దాటి ఓ యాభై, అరవై దాకా కావాలి. అది మసక ఎరుపు. ఎండలో నిలబడి ఆ ఎరుపుని కంటితో పోల్చుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. ఇంకో వంద డిగ్రీలు ఎక్కువైతే ఉక్కు లోపలి అమరికే మారిపోయి మొదటికొస్తుంది. రేసు వాళ్ల "ముట్టుకోకు" వెనకున్న కారణం ఇదే. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అయితే క్రోమోలీకి టిగ్ తప్ప వేరే వెల్డింగ్‌ని ఒప్పుకోదు, బీడుని గ్రైండింగ్ చేయడం కూడా నిషేధం.

సైకిళ్లలోనూ ఇదే నడిచింది. యూరప్‌లో మంచి ఫ్రేములు లగ్గులు (గొట్టాల చివర్లు దూర్చే తొడుగులు) పెట్టి ఇత్తడితోనో వెండితోనో అతికేవాళ్లు. 1970లలో కాలిఫోర్నియాలో బీఎంఎక్స్ అనే మట్టి ట్రాక్ పందేల కుర్రాళ్ల సైకిళ్లకు క్రోమోలీ, టిగ్ జంటగా వచ్చాయి. 1990లలో ఇంగ్లండ్‌లోని రెనాల్డ్స్ కంపెనీ 853 అనే గొట్టం తెచ్చింది. అది వెల్డింగ్ వేడి తగిలి గాలిలో చల్లారితే బలం పెరిగే ఉక్కు. పాతవాళ్లు భయపడిన గుణాన్నే సరుకుగా అమ్మారన్నమాట.

మన దగ్గర బెంగళూరులో ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ కట్టిన, 1958లో ఎగిరిన పుష్పక్ కూడా ఉక్కు గొట్టాల విమానమే. నాలాంటివాళ్లకు క్రోమోలీ పరిచయమైంది మాత్రం బాహా పోటీల వల్ల. 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైన ఆ కార్ల పోటీలకు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ గొట్టాల పంజరం) సొంతంగా కట్టుకోవాలి. మా జట్టుకి వెల్డింగ్ చేసిన అన్న గ్యాస్ మీద చెయ్యి తిరిగినవాడు. మూసుకున్న గొట్టానికి చిన్న కన్నం వేయకపోతే చివరి అరంగుళంలో లోపలి వేడిగాలి కరిగిన ఇనుమునే బయటికి తంతుందని మాకు చూపించింది ఆయనే. మొదటి అతుకు అవగానే అలవాటుగా గ్యాస్ టార్చి వెలిగించబోయాడు. వద్దన్నాం, పుస్తకం తెచ్చి చూపించాం. "మీ ఇష్టం బాబూ" అన్నాడు, నమ్మలేదు. టార్చి పక్కన పెట్టి, మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డులో ఫ్యాన్ ఆపించేశాడు. గొట్టం చేత్తో పట్టుకునేంత చల్లారేదాకా వెయ్యనివ్వలేదు.