అవక్షేపాన్ని తూకం వేస్తే తెలిసినవి

రోగకారకాలను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ ఏ పదార్థమో 1920ల దాకా కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. జబ్బుపడి కోలుకున్నవారి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) ఏదో ఉందని తెలుసు, దాని బలాన్ని అంచనా వేసే పద్ధతులూ ఉన్నాయి. ఎన్ని మిల్లీగ్రాములుందని అడిగితే మాత్రం జవాబు లేదు. అది ప్రోటీనేనా అన్న వాదన కూడా తేలలేదు.

న్యూయార్క్‌లో మైకేల్ హైడెల్‌బర్గర్ అనే రసాయన శాస్త్రవేత్త పట్టిన దారి చాలా సింపుల్‌. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ బ్యాక్టీరియాల్లో మూడో రకానికి ఉండే పైపొర ఒక పాలీశాకరైడ్, అంటే చక్కెర అణువుల గొలుసు. అందులో నైట్రోజన్ ఉండదు, ప్రోటీన్లలో ఉంటుంది. ఆ పాలీశాకరైడ్‌ను దాని యాంటీబాడీ ఉన్న సీరంలో కలిపితే రెండూ అతుక్కుని అడుక్కి దిగుతాయి; ఆ అవక్షేపంలో నైట్రోజన్ ఎంతుందో కొలిస్తే ఆ లెక్కంతా యాంటీబాడీదే. కొత్త యంత్రం అక్కర్లేదు, సరైన యాంటీజెన్ (యాంటీబాడీ పట్టుకునే పదార్థం) దొరికితే చాలు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చే ఉపాయం ఇదే. కాకపోతే ఆ అవక్షేపాన్ని చల్లటి ఉప్పునీటితో మళ్లీ మళ్లీ కడగాలి. సీరంలోని వేరే ప్రోటీన్ కాస్త అంటుకున్నా లెక్క తప్పుతుంది. రీసెర్చ్ విద్యార్థుల చాకిరీ చాలావరకు అక్కడే.

కొలత చేతికొచ్చాక ఒక వింతకు లెక్క దొరికింది. యాంటీజెన్ పెంచుకుంటూ పోతే అవక్షేపం పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక తగ్గిపోతుంది! మామూలు యాంటీబాడీకి రెండు చేతులు, యాంటీజెన్‌కు పట్టు దొరికే చోట్లు అనేకం. రెండూ సరిపాళ్లలో ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుని కిందికి దిగుతాయి. యాంటీజెన్ మరీ ఎక్కువైతే ప్రతి చేతికీ వేరే యాంటీజెన్ దొరుకుతుంది, అల్లిక కుదరదు, అంతా ద్రవంలోనే ఉండిపోతుంది. ఇప్పటి ల్యాబ్ పరీక్షల్లోనూ యాంటీజెన్ విపరీతంగా ఉన్న శాంపిల్ ఒక్కోసారి తక్కువ రీడింగ్ చూపించడానికి మూలం ఇలాంటి ఇబ్బందే.

1933లో హైడెల్‌బర్గర్ ల్యాబ్‌లో పనికి చేరిన ఎల్విన్ కాబట్ 1937లో కొలంబియా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పొంది, స్వీడన్‌లోని ఉప్సలాలో ఆర్నె టిసెలియస్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ విద్యుత్తుతో సీరం ప్రోటీన్లను విడగొట్టే పరికరం ఉంది. కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్ ఎక్కించిన కుందేళ్ల సీరాన్ని అందులో నడిపితే గ్రాఫ్‌లో గామా గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ల గుంపును చూపే శిఖరం బాగా ఎత్తుగా వచ్చింది. అదే ప్రోటీన్ కలిపి యాంటీబాడీని అవక్షేపంగా తీసేసి మళ్లీ నడిపితే ఆ శిఖరం కిందికి దిగింది. 1939లో అచ్చయిన ఈ ఫలితంతో యాంటీబాడీ సీరంలో ఎక్కడుందో తేలిపోయింది.

తర్వాత కాబట్ ఇంకా చిన్నదాన్ని కొలవాలనుకున్నాడు: యాంటీజెన్‌ను పట్టుకునే చోటు సైజెంత? డెక్స్‌ట్రాన్ అంటే గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. డెక్స్‌ట్రాన్, దాని యాంటీబాడీ కలిసే చోట చిన్న చిన్న గ్లూకోజ్ ముక్కలు వేసి, అవక్షేపం ఎంత తగ్గుతుందో చూశాడు. రెండు గ్లూకోజ్‌ల ముక్క కన్నా మూడింటిది, మూడింటి కన్నా నాలుగింటిది బాగా అడ్డుపడింది. ఆరు దాటాక ముక్క ఎంత పెంచినా పెద్దగా తేడా రాలేదు. అంటే ఆ చోట పట్టేది సుమారుగా ఆరు గ్లూకోజ్‌లే.